‘ఫలదీకరణం’ అని రాసే ముందు

తమ్ముడికి,

ఆరోగ్య పేజీకి నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకురాలిలా చదివాను, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ‘ఫలదీకరణం’ అన్న మాట అందులో పదకొండు సార్లు వచ్చింది. ఆరు చోట్ల సరిగ్గా పడింది. రెండు చోట్ల నువ్వు చెప్పదలచుకున్నది గర్భం నిలవడం గురించి. ఒక చోట పువ్వుల మీద పుప్పొడి వాలడం గురించి. ఒక చోట పొలానికి ఎరువు వేయడం గురించి. మిగిలిన ఆ ఒక్క చోట నీ మనసులో ఏముందో నాకు అర్థం కాలేదు.

చివర్లో ఒక ప్రశ్న అడిగావు: “అక్కా, ఈ మాట మరీ పాఠ్యపుస్తకంలా ఉంది. దీని బదులు ఇంకేదైనా తేలిక మాట పెట్టొచ్చా?” వద్దు. ఇదే ఉంచు. బడిలో జీవశాస్త్రం చదువుకున్న తెలుగువాళ్ళందరికీ ఇది తెలిసిన మాటే. పాఠకుడు తడబడేది మాట బరువు వల్ల కాదు, రాసేవాళ్ళు దాన్ని ఒక్కోచోట ఒక్కో అర్థంలో వాడటం వల్ల. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ముందు మాట పుట్టుక సంగతి. ‘ఫలద’ అంటే ఫలాన్ని ఇచ్చేది. జలాన్ని ఇచ్చే మేఘం ‘జలదం’ అయినట్టే ఇదీ. ఫలదం కానిదాన్ని ఫలదంగా చేయడం ఫలదీకరణం. సరళం కానిదాన్ని సరళంగా మారిస్తే సరళీకరణం, స్పష్టంగా లేనిదాన్ని స్పష్టం చేస్తే స్పష్టీకరణం. సంస్కృత వ్యాకరణంలో దీన్ని చ్వి ప్రత్యయం అంటారు. అంతకుముందు లేని స్థితి కొత్తగా ఏర్పడటాన్ని అది చెబుతుంది. ఈ సంగతికి ఇంతకంటే అతికే ప్రత్యయం దొరకదనిపిస్తుంది నాకు. ఒంటరిగా ఉంటే ఒక రోజులో నశించిపోయే కణం, ఇంకో కణంతో కలవగానే కొత్త జీవికి మొదలవుతుంది. ముందు లేని స్థితి అంటే అదే కదా.

నువ్వు మూడు చోట్ల ‘ఫలధీకరణం’ అని వత్తు పెట్టి రాశావు. పేపర్లలో, బోర్డుల మీద కూడా ఈ తప్పు కనిపిస్తూనే ఉంటుంది. ‘ధీ’ అంటే బుద్ధి, దానికి ఇక్కడ పనిలేదు. ‘ఫలద’ను గుర్తుపెట్టుకుంటే వత్తు తనంతట తానే పోతుంది. మరి ‘ఫలీకరణం’ అని ఇంకా చిన్నగా ఎందుకు చేయలేదు అంటావేమో. ఆ మాట సంస్కృతంలో ఎప్పటినుంచో ఉంది, కానీ దాని అర్థం వేరు: ధాన్యాన్ని దంచి, ఊక తీసి శుభ్రం చేయడం.

ఇంకో మాట గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నాకు చాలా ఇష్టం. హిందీలో ఫలదీకరణాన్ని ‘నిషేచన్’ అంటారు. అది, ‘నిషేకం’ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. నిషేకం అంటే లోపలికి తడపడం, పోయడం. మనకు బాగా తెలిసిన ‘అభిషేకం’లో ఉన్న ధాతువే అందులోనూ ఉంది. తెలుగు వృక్షశాస్త్రం నిషేకాన్ని పక్కన పెట్టేసింది గానీ, దాని వ్యతిరేక పదాన్ని మాత్రం దగ్గర ఉంచుకుంది. ఫలదీకరణం లేకుండా కాయ ఏర్పడితే ‘అనిషేక ఫలనం’ అంటుంది. మనం తినే అరటిపండు అలా వచ్చిందే, అందుకే అందులో గింజలుండవు. ఫలదీకరణం లేకుండా పిల్ల పుడితే ‘అనిషేక జననం’. తేనెటీగల్లో మగ ఈగలు ఫలదీకరణం చెందని గుడ్ల నుంచే పుడతాయి. నువ్వు ఎప్పుడైనా ఈ మాటలు వాడాల్సి వస్తే, పాఠకుడికి అభిషేకాన్ని గుర్తుచేసి మొదలుపెట్టు. మాట వెంటనే దగ్గరవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఫలదీకరణం అంటే ఒకే ఒక్క సంఘటన. స్త్రీ బీజకణం, పురుష బీజకణం ఏకమై ఒక కణం కావడం. దానికి ముందు జరిగేవాటికి వేరే పేర్లున్నాయి, తర్వాత జరిగేవాటికీ వేరే పేర్లున్నాయి. ఈ హద్దులు దాటితే మాట చెడిపోతుంది.

మనుషుల్లో ఇది గర్భాశయంలో జరుగుతుందని నీ రెండో పేరాలో రాశావు. కాదు. అండాశయం నుంచి గర్భాశయానికి వెళ్ళే దారిలో, ఫాలోపియన్ నాళంలో జరుగుతుంది. విడుదలైన అండం ఫలదీకరణకు పనికొచ్చేది 12 నుంచి 24 గంటలు మాత్రమే. శుక్రకణాలు స్త్రీ శరీరంలో 5 రోజుల దాకా బతకగలవు. బయలుదేరేవి కోట్లలో ఉంటే, అండం దాకా చేరేవి కొన్ని వందలు. వాటిలో ఒకటి అండం లోపలికి వెళ్ళగానే అండం చుట్టూ ఉన్న పొర స్వభావం మారిపోయి ఇంకొకదాన్ని రానివ్వదు. రెండు కేంద్రకాల్లోని 23, 23 క్రోమోజోములు ఒక చోటికి చేరి 46 అవుతాయి. శుక్రకణం లోపలికి వెళ్ళినప్పటి నుంచి ఆ కణం మొదటిసారి రెండుగా చీలేదాకా సుమారు ఒక రోజు పడుతుంది. అంటే ‘ఫలదీకరణ క్షణం’ అని నువ్వు రాసినది నిజానికి గంటల తరబడి సాగే పని. ‘క్షణం’ కొట్టేశాను.

నీ వ్యాసంలో నాకు బాగా ఇబ్బంది కలిగించినది ఆ పరుగుపందెం వర్ణన. శుక్రకణాలన్నీ పరుగెత్తడం, ఒక వీరుడు గెలవడం, అండం అక్కడ ఎదురుచూస్తూ కూర్చోవడం. చదవడానికి హుషారుగానే ఉంది, కానీ జరిగేది అది కాదు. అప్పుడే విడుదలైన శుక్రకణానికి అండంలోకి వెళ్ళే శక్తే ఉండదు. స్త్రీ శరీరంలో కొన్ని గంటలు గడిపి, అక్కడ మార్పు చెందాకే అది పనికొస్తుంది. ఈ సంగతిని 1951లో ఎం.సి. చాంగ్, సి.ఆర్. ఆస్టిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా కనుక్కున్నారు. శుక్రకణాలు పైకి చేరడంలో గర్భాశయ కండరాల కదలిక సాయం ఉంటుంది. ఇక అండం ఊరికే కూర్చోదు. శుక్రకణం లోపలికి వచ్చాకే అది తన చివరి కణవిభజనను పూర్తిచేసుకుంటుంది. ముందుగా వచ్చినదే గెలుస్తుందన్న కథ కంటే ఇది ఎంత బాగుందో చూడు. దీన్నే రాయి.

ఈ పరుగుపందెం మన వాక్యాల్లోకి కూడా తెలియకుండా దూరుతుంది. ‘శుక్రకణం అండాన్ని ఫలదీకరిస్తుంది’ అంటే ఒకరు చేసేవారు, ఒకరు చేయించుకునేవారు అయిపోతారు. ‘అండం ఫలదీకరణం చెందింది’ అన్నది తప్పు కాదు, అందరం అలాగే రాస్తాం, అవసరమైన చోట నువ్వూ రాయి. నాకు మాత్రం ‘ఫలదీకరణం జరిగింది’ అన్నదే నచ్చుతుంది. రెండు కణాలకూ అందులో సమానమైన చోటు ఉంటుంది. ‘ఫలదీకృత అండం’ అని పుస్తకాల్లో ఉంటుంది. అలా రాయకు, ‘ఫలదీకరణం చెందిన అండం’ అంటే హాయిగా ఉంటుంది. సమాసంలో సున్నా పోతుంది: ఫలదీకరణ దశ, ఫలదీకరణ సమయం. ఇక ‘ఆమె ఫలదీకరణం చెందింది’ అన్న వాక్యం ఎప్పుడూ, ఎక్కడా రాయకు. ఫలదీకరణం చెందేది అండం. మనిషి గర్భం దాలుస్తుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి నీకు చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట పిల్లలు లేని దంపతుల చికిత్సల మీద ఒక పత్రికకు వ్యాసం రాశాను. అండాన్నీ శుక్రకణాన్నీ శరీరం బయట కలిపే ఐవీఎఫ్ చికిత్స చేయించుకున్నా గర్భం రాకపోతే దానికి ‘ఫలదీకరణం విఫలమైంది’ అని రాశాను. అన్నిటికీ అదే మాట. రెండు వారాల తర్వాత ఒక పాఠకురాలి ఉత్తరం వచ్చింది. కోపంగా రాయలేదు, అడిగింది అంతే. “నాకు నాలుగు పిండాలు తయారయ్యాయని డాక్టరు చెప్పారు. ఫలదీకరణం బాగా జరిగిందన్నారు. మీరు విఫలమైందని రాశారు. నాకు అబద్ధం చెప్పారా?” ఆమెకు ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఫలదీకరణం జరిగింది. పిండం గర్భాశయపు గోడకు అంటుకోలేదు, అంతే. నేను రాసిన ఒక్క తప్పుడు మాట వల్ల ఆమె తన డాక్టరును అనుమానించింది, ఎన్ని రాత్రులు నిద్రపోలేదో తెలియదు. జవాబు రాశాను, క్షమించమని అడిగాను. పత్రికలో సవరణ కూడా వేయించాను. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఈ మాట రాసేటప్పుడల్లా ఆమె గుర్తొస్తుంది. నువ్వు రాసే ఆరోగ్య పేజీని ఊరికే కాలక్షేపానికి చదివేవాళ్ళు కొందరైతే, చేతిలో రిపోర్టు పట్టుకుని, టెన్షన్‌తో ఒక్కో అక్షరం చదివేవాళ్ళు కొందరు. ఆ రెండోవాళ్ళ కోసం రాయి.

కాబట్టి హద్దులు చూసుకో. వీర్యాన్ని గర్భాశయంలోకి పంపడం ఫలదీకరణం కాదు, దానికి ముందు మెట్టు. ఐయూఐలో డాక్టరు చేసేది అంతవరకే. ఆ తర్వాత ఫలదీకరణం జరిగితే శరీరం లోపలే జరగాలి. పశువులకు చేసేదీ అలాంటిదే. మనవాళ్ళు దాన్ని కృత్రిమ గర్భధారణ అంటారు గానీ, ఆ రోజుకి అక్కడ ఇంకా గర్భం లేదు. వాడుకలో స్థిరపడిన పేరు కాబట్టి పేరు మార్చకు, కానీ ‘కృత్రిమ ఫలదీకరణం’ అని మాత్రం రాయకు. ఐవీఎఫ్‌లో అయితే ఫలదీకరణమే శరీరం బయట జరుగుతుంది. 1978 జులై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డ్‌హామ్‌లో ప్రపంచంలో మొదటి ఐవీఎఫ్ బిడ్డ లూయీజ్ బ్రౌన్ అలా పుట్టింది. 70 రోజుల తర్వాత, అక్టోబరు 3న, డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో కోల్‌కతాలో ఇంకో పాప పుట్టింది. ఆయన 1981లో చనిపోయారు. బతికి ఉండగా ఆ పనికి గుర్తింపు రాలేదు. నువ్వు ఓల్డ్‌హామ్ సంగతి రాసి ఆయన్ని వదిలేశావు. చేర్చు. ‘టెస్ట్‌ట్యూబ్ బేబీ’ అని రాస్తే తప్పేం లేదు, జనం మాట అది. కానీ అండం, శుక్రకణం కలిసేది గొట్టంలో కాదు, చిన్న పళ్ళెం లాంటి పాత్రలో అని ఒక వాక్యం పెట్టు.

తర్వాతి హద్దు కూడా అంతే ముఖ్యం. ఫలదీకరణం తర్వాత సుమారు 6 రోజులకు గాని పిండం గర్భాశయపు గోడను అంటుకోవడం మొదలుపెట్టదు. డాక్టర్లు గర్భాన్ని లెక్కపెట్టేది చివరిసారి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి. అంటే వాళ్ళ లెక్కలో మొదటి రెండు వారాల్లో ఇంకా ఫలదీకరణమే జరిగి ఉండదు. ‘ఆరు వారాల గర్భం అంటే ఫలదీకరణం జరిగి ఆరు వారాలు’ అని నువ్వు రాశావు, సుమారు నాలుగు వారాలు అని దిద్దాను. ఇదేమీ చిన్న తేడా కాదు. ఈ రెండు వారాల లెక్క తెలియక ఇళ్ళల్లో అనవసరమైన అనుమానాలు పుడతాయి. మాట కూడా దశను బట్టి మారాలి. మొదటి కణం సంయుక్త బీజం, తర్వాత పిండం. ఫలదీకరణమైన 8 వారాల తర్వాత గర్భస్థ శిశువు అనొచ్చు. మొదటి రోజునే ‘శిశువు’ అని రాయకు.

మొక్కల దగ్గరకు వద్దాం. పువ్వు మీద పుప్పొడి పడటం పరాగసంపర్కం. అది గుమ్మం దాకా రావడం లాంటిది. ఆ తర్వాత పుప్పొడి రేణువు నుంచి సన్నటి గొట్టం మొలిచి, లోపల ఉన్న అండం దాకా పెరగాలి. అప్పుడు గాని ఫలదీకరణం జరగదు. తేనెటీగలు ‘ఫలదీకరణం చేస్తాయి’ అని నువ్వు రాశావు. అవి పుప్పొడిని మోసుకెళ్తాయి, అంతవరకే వాటి పని.

ఇక్కడ ఇంకో విశేషం ఉంది. పూల మొక్కల్లో ఫలదీకరణం ఒకసారి కాదు, రెండుసార్లు. పుప్పొడి గొట్టంలో వచ్చే రెండు పురుష బీజాల్లో ఒకటి అండంతో కలిసి మొలక అవుతుంది. రెండోది ఇంకో రెండు కేంద్రకాలతో కలిసి, ఆ మొలకకు ఆహారంగా ఉండే పిండి పదార్థం అవుతుంది. దీన్ని ద్విఫలదీకరణం అంటారు. 1898లో నవాషిన్ అనే రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిల్లీ జాతి పూలలో దీన్ని చూశాడు. వరి గింజలో, గోధుమ గింజలో మనం తినే పిండి అంతా ఆ రెండో కలయిక ఫలితమే. నేను మొదటిసారి ఇది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలా ఉండిపోయాను. తల్లి మొక్క బిడ్డతో పాటు బిడ్డ తిండిని కూడా ఒకేసారి మొదలుపెడుతుంది. నువ్వు దీన్ని ఒక్క ముక్కలో తేల్చేశావు. విస్తరించు, ఇక్కడ చోటు దండగ కాదు.

ఉదాహరణ కావాలంటే మొక్కజొన్న కంకిని తీసుకో. దాని కొసన వేలాడే పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకు దారి. ఆ పోగు మీద పుప్పొడి పడి, దాని గొట్టం పోగు పొడవునా దిగి అండాన్ని చేరితేనే అక్కడ గింజ కడుతుంది. కంకిలో అక్కడక్కడా గింజ లేని ఖాళీలు ఉంటాయే, వాటిలో చాలావరకు ఫలదీకరణం జరగని చోట్లే. నువ్వు బొమ్మ వేయించనక్కర్లేదు, పాఠకుడు ఈసారి కంకి వలిచేటప్పుడు తనే చూస్తాడు.

రైతుల మాటలు ఈ విషయంలో పాఠ్యపుస్తకం కంటే నయం. పూత వచ్చింది, పిందె పడింది, గింజ కట్టింది, పాలు పోసుకుంది. ఒక్కో మాట ఒక్కో దశ. ఫలదీకరణం కంటికి కనపడదు కాబట్టి దానికి వాళ్ళ దగ్గర వేరే మాట లేదు. అది జరిగిందని తెలిపే గుర్తుకు ‘కట్టడం’ అన్న మాట ఉంది. జరగకపోతే ‘తాలు’. వరి పూత సమయంలో ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని, ఫలదీకరణం జరగక తాలు గింజలు పెరుగుతాయి. పశువు విషయంలో ‘చూడి కట్టింది’ అంటారు. రైతుల కోసం రాసేటప్పుడు ‘ఫలదీకరణం జరగక గింజ తాలుపోయింది’ అని రెండు మాటలూ పక్కపక్కన పెట్టు. తెలిసిన మాట తెలియని మాటను చేయి పట్టుకుని తీసుకొస్తుంది.

ఇక ఆ ఎరువు వాక్యం. ‘నేలను ఫలదీకరించాలి’ అని రాశావు. నువ్వు ఇంగ్లీషు వ్యాసం ముందు పెట్టుకుని రాశావని అక్కడే తెలిసిపోయింది. ఇంగ్లీషులో పొలానికి ఎరువు వేయడానికి, అండం శుక్రకణం కలవడానికి ఒకటే మాట. మనకు వేరు. నేల సారవంతం అవుతుంది, చేనుకు ఎరువు వేస్తారు, భూమికి బలం వస్తుంది. రెండిటికీ రెండు మాటలు ఉన్న భాష మనది. ఉన్న తేడాను మనమే చెరిపేసుకోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మొక్కలు ఎక్కువ పెరగడాన్ని కూడా అనువాదాల్లో ‘కార్బన్ ఫలదీకరణం’ అని చూశాను. అక్కడ బీజాల కలయిక ఏమీ లేదు, ఆ వాయువు మొక్కకు ఎరువులా పనిచేస్తోంది, అంతే. ‘ఎరువు ప్రభావం’ అంటే సరిపోతుంది.

ముగింపులో ‘రెండు సంస్కృతుల ఫలదీకరణం’ అని ఒక అలంకారం వాడావు. కొట్టేయలేదు, గీత గీసి వదిలాను, నిర్ణయం నీది. నా అభిప్రాయం అడిగితే, ఈ మాట అలంకారంగా పనికిరాదు. సూక్ష్మదర్శిని వాసన దాన్ని వదలదు. మనసుకు తగిలేలా చెప్పాలంటే మనకు ‘పండు’ అన్న క్రియ ఉంది. కడుపు పండింది, నోము పండింది, కల పండింది, నోరు పండింది. ఒక్క మాట ఎన్ని చోట్ల పలుకుతోందో చూడు. ప్రయత్నం ఫలించింది అంటాం, ఫలదీకరణం చెందింది అనం. అయితే కడుపు పండటం గురించి ఒక జాగ్రత్త. వైద్య వ్యాసంలో దాన్ని వాడితే, పండనివాళ్ళ కడుపు గురించి మనం ఏమన్నట్టు? కథలో వాడుకో, ఆరోగ్య పేజీలో వద్దు. అలాగే ‘గొడ్రాలు’ అన్న మాట నీ మొదటి పేరాలో ఒకసారి వచ్చింది. దాన్ని నేను పూర్తిగా నల్లగా కొట్టేశాను. ఈ ఒక్కదాంట్లో మాత్రం నీ నిర్ణయానికి వదలడం లేదు.

దిద్దిన కాగితాలు దీంతో పంపుతున్నాను. ద్విఫలదీకరణం పేరా మళ్ళీ రాసి ముందు అదొక్కటే పంపు, మిగతావి నెమ్మదిగా చూసుకోవచ్చు. చివరి పేజీలో ఒక వాక్యం పక్కన ప్రశ్న గుర్తు మాత్రమే పెట్టాను. మొదట్లో చెప్పిన ఆ పదకొండోది అదే. అక్కడ నీ మనసులో ఏముందో ఫోన్ చేసి నోటితో చెప్పు. చెప్పేటప్పుడు ఏ మాట వస్తుందో అదే రాసుకుందాం.

ఆశీస్సులతో,
మీ అక్క